పిత్తులోళ్ల అల్లుడు

హాలియా వాగులో గొర్రెలకు నీళ్లు తాపుతున్న ముత్యాల గాలయ్య దగ్గరికి పెళ్లికబురు పట్టుకొచ్చిన చెన్నయ్య చెప్పవలసినవన్నీ చెప్పాడు. పిల్ల పేరు గోపమ్మ. ఊరు నకిరేకల్ అవతల తాటిగుట్ట. తండ్రికి పెద్ద మంద ఉంది, మగపిల్లలు లేరు. పెద్దపిల్లలిద్దరూ అత్తగారిళ్లకు వెళ్లిపోయారు. కడగొట్టుదాన్ని ఇచ్చి అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకుందామని చూస్తున్నారు. పిల్ల మాటకారి, పనిమంతురాలు. వాళ్ల ఇంటిపేరేమిటని గాలయ్య అడిగేసరికి మాత్రం చెన్నయ్యకు ఉన్నట్టుండి దగ్గుతెర వచ్చింది. వాగులోకి దిగి నాలుగు దోసిళ్ల నీళ్లు తాగి, పొద్దెక్కింది పోవాలంటూ లేచాడు.

గాలయ్య కూడా గుచ్చి గుచ్చి అడగలేదు. ఐదుగురు అన్నదమ్ముల్లో అతను నాలుగోవాడు. తండ్రి మంద ఐదు పాళ్లయితే తన పాలికి వచ్చే గొర్రెలను కాయడానికి మనిషి అక్కర్లేదు, ముసలికుక్క చాలు. కాబట్టి ఇల్లరికం అతనికి చేదుగా తోచలేదు. పుట్టిననాడు గాలిదుమారం లేచి ఇంటి మీది తాటికమ్మలు పక్క ఊళ్లో పడ్డాయి గనుక గాలయ్య అని పేరు పెట్టారు. ఆ పేరుతో ఇరవై రెండేళ్లు ఏ ఇబ్బందీ లేకుండా బతికాడు. ముత్యాల గాలయ్య అంటే వినడానికి సొంపుగా కూడా ఉండేది.

వరపూజ నాడు తాటిగుట్ట కులపెద్ద గుర్వయ్య అందరి మధ్యా నిలబడి, పిత్తుల మల్లప్ప బిడ్డ గోపమ్మను ముత్యాల గాలయ్యకు ఇస్తున్నారు, నలుగురూ వినండి అన్నాడు. నలుగురూ విన్నారు. గాలయ్య పెద్దన్న తలపాగా సవరించుకునే వంకతో ముఖం కప్పుకున్నాడు. రెండో అన్న గొంగట్లోకి దూరాడు. వదిన కొంగు నోట్లో కుక్కుకుని గోడ చాటుకు పోయింది. గాలయ్యకు మాత్రం నవ్వు రాలేదు. ఆడపిల్ల ఇంటిపేరు ఎలాంటిదైతేనేం, పెళ్లయ్యాక ముత్యాలే కదా అనుకున్నాడు. ఇక్కడ ఇల్లు మారేది ఆడపిల్ల కాదు, తను అన్న సంగతి అతనికి ఇంకా తట్టలేదు.

దాన్ని మామే తట్టించాడు. మల్లప్ప తమలపాకు నములుతూ తాపీగా చెప్పాడు. "నా ఇంట్ల ఉండి, నా మందను కాసి, రేపు నా పాడె మోసేటోడు నా ఇంటిపేరు మీదనే ఉండాలె. నాతోని గా పేరు మట్టిల కలువొద్దు. నాకు గదొక్కటే ఆశ."

గాలయ్య మనసులో ఆ ఇంటిపేరును తన పేరు ముందు పెట్టి చూసుకున్నాడు. పిత్తుల గాలయ్య. తీసేశాడు. మళ్లీ పెట్టి చూశాడు. ఆ రెండు మాటలూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుంటున్నట్టున్నాయి. నర్సయ్యో, రాజయ్యో అయితే ఎలాగో సర్దుకునేవాడు. గాలయ్యకు ఆ పేరు పట్టదు.

అతను ఏమీ అనకముందే గుర్వయ్య వేరే చిక్కు పట్టుకున్నాడు. అల్లుడు మామ ఇంటిపేరు తీసుకుంటే మామకు కొడుకవుతాడు. కొడుకైతే గోపమ్మకు అన్న అవుతాడు. ఒకే ఇంటిపేరు వాళ్లకు పెళ్లి చేస్తే కులం ఊరుకుంటుందా అన్నాడు. ఈ ముడి విప్పడానికి పగలంతా పట్టింది. ఒక కుండ కల్లు అయిపోయింది, రెండో కుండ వచ్చింది. చివరికి గుర్వయ్యే దారి చూపించాడు. పెళ్లి ముత్యాల గాలయ్యతోనే జరుగుతుంది. పదహారు రోజుల పండుగ దాకా పిల్ల హాలియా దిక్కున అత్తగారింట్లో ఉండి ముత్యాల గోపమ్మ అవుతుంది. ఆ తరువాత మొగుడూ పెళ్లాలిద్దరూ ఇటు వచ్చి పిత్తులవారవుతారు. అప్పుడు అన్నాచెల్లెళ్ల తప్పు ఉండదు. గాలయ్య తలవంచుకుని, ముందు పెళ్లి కానివ్వండి, పేరు సంగతి పైన చూద్దామన్నాడు. మల్లప్ప దానికి సరేనన్నాడు. తొందర లేదు, వచ్చి ఉంటే అదే అంటుకుంటుంది అన్నాడు.

పోలీసు చర్య అయిన మరుసటి ఏడు ఆ పెళ్లి జరిగింది.

ఆ పదహారు రోజులూ గోపమ్మ హాలియా దిక్కు పల్లెలో ఒక్క క్షణం ఊరికే కూర్చోలేదు. నీళ్లబావి దగ్గర, వడ్లు దంచేచోట, చాకలి రేవులో, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ నేను ముత్యాల గోపమ్మను అని చెప్పుకుంది. ఎనిమిదో నాడు గాలయ్య, ఎందుకిన్నిసార్లు చెప్తావని అడిగాడు. అప్పుడామె చిన్నప్పటి సంగతి చెప్పింది. పెళ్లిళ్లకు పోయినా, జాతరకు పోయినా ఎవరి పిల్లవే అంటే మల్లప్ప బిడ్డను అనేది. ఏ మల్లప్ప అని అడగకముందే పరుగెత్తేది. పెద్దక్క పూల వారింటికి పోయింది. నడిపక్క బంగారు వారింటికి పోయింది. పోయేటప్పుడు అమ్మానాన్నలను వదిలిపోతున్నందుకు ఏడ్చారు గాని, పొలిమేర దాటాక ఇద్దరూ నవ్వుకుంటూనే పోయారట.

"నేనొక్కదాన్నే దొరికిన," అంది గోపమ్మ. "పెండ్లయితె నాకు గా పేరు వదులుతదనుకున్న. ఇప్పుడు నువ్వు గూడ వచ్చి దాంట్లనే పడుతున్నవు. నువ్వు గా పేరు తీసుకున్ననాడు నేను నీతోని మాట్లాడ."

గాలయ్యకు ఆ మాట తియ్యగా తోచింది. పెళ్లయిన ఎనిమిదో రోజుకే మొగుడూ పెళ్లాలకు ఒకే మాట మీద నిలబడే సంగతి దొరకడం మామూలు అదృష్టం కాదు. గొర్రెలు కాస్తా, గడ్డి కోస్తా, మామ కాళ్లు కూడా పిసుకుతా, ఆ పేరు మాత్రం తీసుకోనని ఆమెకు మాటిచ్చాడు.

తాటిగుట్ట చేరాక మల్లప్ప అల్లుడితో పేరు గురించి ఒక్కనాడు కూడా వాదించలేదు. వాదించినా బాగుండేది. ఎవరు కనబడ్డా, మా పిత్తుల గాలయ్య అని పరిచయం చేసేవాడు. సంతలో కటికవాళ్లతో బేరం చేస్తూ, ఆ పొట్టేలును పట్టుకో పిత్తుల గాలయ్యా అని దూరం నుంచి కేక పెట్టేవాడు. గాలయ్య పలికేవాడు కాదు. పొట్టేలు తప్పించుకుపోయినా పలికేవాడు కాదు. సంతలో జనానికి మొదట నవ్వొచ్చింది, తరువాత పందేలు కాయడం మొదలుపెట్టారు. ఒకనాడు గుట్ట మీద ఎవరూ లేకుండా చూసి, ఎలా ఉంటుందో విందామని గాలయ్య ఆ పేరును గట్టిగా పలికి చూశాడు. మేస్తున్న పొట్టేలొకటి తలెత్తి అతని వైపు చూసి, రెండడుగులు పక్కకు జరిగింది.

ఆ పేరు ఎలా వచ్చిందో మాత్రం తెలుసుకోవాలనిపించింది. ఊళ్లో వాళ్లు, ఎప్పుడో ఒక పెళ్లిలో ఉలవచారు ఎక్కువ తాగిన మనిషి కథ చెప్పారు. మల్లప్ప ఆ కథ విని ఉమ్మేశాడు. నక్కలగుట్ట మీద గొర్రెలు పండుకున్నాక తన కథ తాను చెప్పాడు.

అతని తాత కాలంలో పండుగకు ఇన్ని పొట్టేళ్లని గొల్లవాళ్లు దొర ఉండే గడీకి ఊరకే తోలాలి. ఒక ఏడు రోగం వచ్చి మందలు చచ్చాయి. ఈసారి వదిలెయ్యమని అడగడానికి అందరూ గడీకి వెళ్లారు. దొర ముందు నేలకు నుదురు తాకించి వంగారు. గడీలో గాలి కూడా కదలనంత నిశ్శబ్దం. అప్పుడు వినబడింది. ఎవడది అని దొర అడిగాడు. ఎవరూ తల ఎత్తలేదు. దొర మళ్లీ అడిగితే తాత లేచి, నేనే దొరా అన్నాడు. చెట్టుకు కట్టి కొట్టించారు. అంతటితో పోనివ్వక, ఇకనుంచి వీని ఇల్లు ఈ పేరు మీదనే ఉండాలని దొర పట్వారీని పిలిచి రాయించాడు. అంతకుముందు తమ ఇంటిపేరేమిటో ఇప్పుడు ఎవరికీ తెలియదన్నాడు మల్లప్ప.

గాలయ్య చాలాసేపు ఆలోచించి అడిగాడు. "మామా, తాత గది కావాల్నని చేసిండా, దానంతటదే వచ్చిందా?"

మల్లప్ప కూడా ఆలోచించాడు. "గదెట్ల తెలుస్తది. గప్పటికి నేను పుట్టలే," అన్నాడు.

ఇంటికొచ్చాక గాలయ్య అత్తను అడిగాడు. జానమ్మ జొన్నలు విసురుతూ, దొర లేడు, గడీ లేదు, అంతా కట్టుకథ, వాళ్ల వంశానికే కడుపు మంచిది కాదు, మీ మామను చూస్తే తెలవడం లేదా అంది. విసుర్రాయి ఆపకుండానే అంది.

పేరు సంగతి అలా నానుతుండగానే ఆ పాత దొర మనవడు, ఇప్పటి దొర, ఊరికి తిరిగి వచ్చాడు. సంఘం వాళ్లు దొరలను తరిమిన రోజుల్లో పట్నం పారిపోయినవాడు, మిలిటరీ వచ్చాక జీపులో దిగాడు. గడీకి సున్నం వేయించాడు. నెల తిరగకముందే అతని గుమాస్తా ఎల్లస్వామి వచ్చి నక్కలగుట్ట దొర పట్టా అని, గొర్లను తోలితే బందెలదొడ్లో పెట్టిస్తానని చాటింపు వేయించాడు. ఆ గుట్ట లేకపోతే తాటిగుట్ట గొల్లవాళ్లు మందలు అమ్ముకుని కూలికి పోవలసిందే. తరతరాలుగా వాళ్లు ఆ గుట్ట మీద గొర్రెలు మేపి సర్కారుకు పుల్లరి కడుతున్నారు. అంటే మేతపన్ను. దాని రసీదులు మల్లప్ప ఇంట్లో వెదురుగొట్టంలో భద్రంగా ఉన్నాయి. అందరి తరఫునా పన్ను కట్టింది ఆ ఇంటివాళ్లే. కాబట్టి తాలూకా కచ్చేరిలో దరఖాస్తు పెట్టారు. వాయిదా నాడు మల్లప్ప, గాలయ్య, గుర్వయ్య గొట్టం పట్టుకుని వెళ్లారు.

కచ్చేరి మెట్లెక్కేదాకా మల్లప్ప బాగానే ఉన్నాడు. దారి పొడుగునా దొరను ఏమేం తిట్టాలో అల్లుడికి చెప్తూనే వచ్చాడు. లోపల బల్ల వెనక తహసీల్దారు, గోడవారన దొర తరఫున జరీ తలపాగాతో ఎల్లస్వామి కనబడగానే ముసలివాడి నడుము దానంతటదే వంగిపోయింది. చేతులు జోడించి నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. తహసీల్దారు ఔరంగాబాదు నుంచి కొత్తగా వచ్చినవాడు, తెలుగు ఒక్క ముక్క రాదు. మధ్యలో మాటలు చెప్పడానికి పేష్కారు ఉన్నాడు. షేర్వాణీ వేసుకుని, చెవిలో అత్తరు దూది పెట్టుకున్న పెద్దమనిషి. ఉర్దూలో ఉన్న రసీదులు తీసి పేరు చదివాడు.

"పిట్టల గోపయ్య," అన్నాడు. గోపయ్య మల్లప్ప తండ్రి.

ఉర్దూ రాతలో తకారానికీ టకారానికీ పైన పెట్టే గుర్తే తేడా. చదివేవాడి చిత్తం. పేష్కారు మంచి మర్యాద తెలిసినవాడు కాబట్టి మర్యాదగానే చదివాడు. మీరు పిట్టలవాళ్లేనా అని అడిగితే మల్లప్ప, "అవును దొరా, నీ బాంచెన్," అన్నాడు.

ఎల్లస్వామి ఆ మాటను అందుకున్నాడు. పిట్టలవాళ్లంటే వలలు పట్టుకుని ఊరూరా తిరిగేవాళ్లు హుజూర్, వీళ్లు గొల్లవాళ్లు, ఈ రసీదులు వీళ్లవి కావు, ఎక్కడో ఏరుకొచ్చారు అన్నాడు. తహసీల్దారు తల ఊపాడు. కాగితాలు పక్కకు నెట్టి కలం తీశాడు.

గాలయ్య మామ వైపు చూశాడు. సంతలో గొంతు చించుకుని ఆ పేరు అరిచే మనిషి ఇక్కడ నోరు పడిపోయినట్టు నిలబడ్డాడు. గుర్వయ్య కప్పు వైపు చూస్తున్నాడు.

"పిట్టల కాదు సాబ్," అన్నాడు గాలయ్య. "పిత్తుల."

పేష్కారు ఊరుకొమ్మని కళ్లతోనే చెప్పాడు. గాలయ్య ఊరుకోలేదు. ఇంకోసారి ఒత్తి పలికాడు. రెంటికీ తేడా ఏమిటని తహసీల్దారు పేష్కారును అడిగాడు. పేష్కారు చెమట తుడుచుకున్నాడు. ఆ మాట అతని నోట ఎన్నడూ వచ్చినట్టు లేదు. లోపలి గాలి బయటికి పోవడం అనడానికి, హుజూర్, హవా, అంటే లోపలి హవా, ఖారిజ్ కావడం అని గొణిగాడు. తహసీల్దారుకు ఖారిజ్ ఒక్కటే వినబడింది. రెవెన్యూ లెక్కల్లో ఖారిజ్ ఖాతా అంటే సర్కారు బీడు. అయితే ఈ గుట్ట దొరదీ కాదు, వీళ్లదీ కాదు, సర్కారుదా అంటూ బీరువాలోంచి ఇంకో దస్త్రం తెమ్మన్నాడు. అది సర్కారుది కాదు హుజూర్, ఆ హవా వేరు అని పేష్కారు మొత్తుకున్నాడు. ఎల్లస్వామి అడ్డొచ్చి ఏదో అన్నాడు. జవాను దస్త్రం తెచ్చి బల్ల మీద పడేశాడు. దుమ్ము లేచింది.

గాలయ్యకు వచ్చిన ఉర్దూ అంతా సంతలో కటికవాళ్ల దగ్గర నేర్చుకున్నది. అందులో మర్యాద పాలు తక్కువ. చేతులు కట్టుకుని నిటారుగా నిలబడి, ఇంటిపేరును ఉన్నదున్నట్టు ఉర్దూలో చెప్పాడు.

"పాద్నేవాలే, సాబ్. హమ్ లోగ్ పాద్నేవాలే."

కచ్చేరి మొత్తం ఆగిపోయింది. పంఖా లాగే మనిషి తాడు వదిలేశాడు. తహసీల్దారు కళ్లద్దాలు తీసి గాలయ్యను పైనుంచి కిందికి చూసి, అలాంటి పేరు ఎందుకు వచ్చిందని అడిగాడు. గాలయ్య వచ్చిన ఉర్దూలో కొంత, రాని చోట తెలుగులో కొంత చెప్పాడు. పొట్టేళ్లు, రోగం, గడీ. ఈ దొర తాత ముందు మా తాత ఇదిగో ఇట్లా వంగాడు అని వంగి చూపించాడు. మాటలు అందని చోట పెదాలతో ఆ చప్పుడు కూడా చేశాడు.

తహసీల్దారు భుజాలు కదిలాయి. రుమాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. కాసేపటికి రుమాలు తీసి, ఆ మనిషి కావాలని చేశాడా, పొరపాటున అయిందా అని అడిగాడు.

"కావాల్ననే చేసిండు సాబ్," అన్నాడు గాలయ్య. ఆ మాట అంటున్నప్పుడు మల్లప్ప తల ఎత్తి అల్లుడి వైపు చూశాడు.

తహసీల్దారు రసీదులను కిటికీ వెలుగులో ఒక్కొక్కటిగా చూశాడు. అన్నింటి మీదా తకారం చుక్కలు రెండు కనబడ్డాయి, సిరా అలుక్కుపోయినా కనబడ్డాయి. గుట్ట మీది మేత గొల్లవాళ్లదేనని, గుట్ట కింది చెలక, అంటే మెట్టభూమి, కొలతలయ్యేదాకా దొర చేతిలోనే ఉంటుందని రాశాడు. పేరు పిత్తుల అని స్పష్టంగా రాయమని పేష్కారుకు చెప్పాడు. చెలక పోయినందుకు గుర్వయ్య తరువాత చాలా రోజులు గొణిగాడు. గొర్రెలకు చెలకతో పనిలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మల్లప్ప అందరికంటే ముందు నడిచాడు. నకిరేకల్‌లో హోటలు బల్ల మీద కూర్చుని, మా పిత్తుల గాలయ్యకు చాయ్ పొయ్యమన్నాడు. మామూలుగా గాలయ్య అలాంటప్పుడు అటు తిరిగి కూర్చుంటాడు. ఆ పూట గ్లాసు అందుకున్నాడు. సగం తాగాక గుర్తొచ్చింది, కచ్చేరిలో తను మీ తాత అనలేదు, మా తాత అన్నాడు. ఎప్పుడు అలా వచ్చిందో తెలియలేదు. ఆలోచిస్తే వెనక్కి తీసుకోవాలని కూడా అనిపించలేదు.

ఇంటి దగ్గర దిష్టి తీస్తారనుకున్నాడు. కబురు అతనికంటే ముందే చేరింది. గోపమ్మ కంచం పెట్టింది, జొన్నగటక వేసింది, పులుసు పోసింది, మాట లేదు. రెండోనాడూ లేదు. మాటిచ్చి తప్పావని కూడా అనలేదు. మూడోనాడు గాలయ్య ఉండబట్టలేక, గుట్ట నిలబడింది, అందరూ మెచ్చుకుంటుంటే నీకేమైందని అడిగాడు.

"నన్ను అడిగినవా?" అంది గోపమ్మ. "కచ్చేరిల నువ్వు ఒక్కపూట అని వచ్చినవు. బాయికాడ నేను బతికినన్ని దినాలు అనాలె. పదహారు దినాలు మురిసిన, గదీ పోయె."

అందరి ముందూ లేచి నిలబడకపోతే గుట్ట పోయేదని గాలయ్య అన్నాడు. నిలబడొద్దని తాను అనలేదని, ఆ పేరు మొయ్యి గాని తన నెత్తిన పెట్టొద్దని ఆమె అంది. అరుగు మీద నుంచి మల్లప్ప, ఇంటిపేరు గురించి ఇంత లొల్లి ఎన్నడన్నా చూశామా అని అల్లుడి పక్షాన రాగం తీశాడు. అప్పటిదాకా చాటతో చెరుగుతున్న జానమ్మ చాట కింద పెట్టింది.

"నేను పన్నెండేండ్లకు ఈ ఇంటికొచ్చిన. మా నాయిన ఇంటిపేరు చెలిమెల. చల్లగ ఉంటుండె. గది పోయిందని పంచాయితి ఎవడు పెట్టిండు? కల్లు కుండలు ఎవడు తెచ్చిండు? ఇగ అల్లునికి పేరు మారాలంటె ఊరంత కూసున్నది."

మల్లప్ప అరుగు దిగి నడిచాడు. నలభై ఏళ్ల కాపురంలో ఆమె ఇంటిపేరు ఏమిటో తనకు గుర్తు లేదన్న సంగతి అతనికి అప్పుడే తెలిసింది. గాలయ్య తలవంచుకుని గటక తిన్నాడు.

ఆ తరువాత కొద్ది నెలలకే ఓటర్ల జాబితా రాయడానికి అమరేందర్ అనే పంతులు భువనగిరి నుంచి వచ్చాడు. ఇల్లిల్లూ తిరిగి, ఇరవై ఒక్క ఏడు నిండిన ఆడవాళ్లవీ మగవాళ్లవీ పేర్లు రాస్తున్నాడు. మగవాళ్లతో ఏ తంటా లేదు. ఆడవాళ్లు పేరు చెప్పరు. ఫలానావాడి పెళ్లాన్ని, ఫలానావాడి తల్లిని అంటారు. మొగుడి పేరు నోటితో అనరు. అలా రాస్తే పైవాళ్లు కొట్టేస్తారని, పేర్లు కావాలని పంతులు ప్రతి గుమ్మం ముందూ బతిమాలుకుంటూ మల్లప్ప వాకిట్లోకి వచ్చాడు. మల్లప్పదీ జానమ్మదీ రాశాడు. గాలయ్య తన పేరు చెప్పాడు.

పంతులు కలం ఆగింది. చుట్టూ చూసి గొంతు తగ్గించి, ఇది దేశమంతా ఉండే కాగితం, ప్రీతుల అని రాస్తాను, వినడానికి బాగుంటుంది, ఎవరికీ తెలియదు అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. గాలయ్య వద్దన్నాడు. కచ్చేరి కాగితంలో ఎట్లా ఉందో అట్లాగే ఉండాలి, అక్షరం మారితే గుట్ట మారుతుంది అన్నాడు. పంతులు నిట్టూర్చి రాశాడు. కింద భార్య అని గీత గీసి, పిత్తుల గోపమ్మ అని తనే చదువుకుంటూ రాయబోయాడు.

"ముత్యాల గోపమ్మ," అని తలుపు వెనక నుంచి వినబడింది.

అది మీ పుట్టింటిపేరా అని పంతులు అడిగాడు. కాదు, మొగుని ఇంటిపేరు అంది గోపమ్మ. మొగుడి ఇంటిపేరు పిత్తుల కదా అన్నాడు పంతులు. అది మా నాయిన ఇంటిపేరు అంది. పంతులు తన కాగితాన్ని చూశాడు, గాలయ్యను చూశాడు, మంచినీళ్లు అడిగి తాగాడు. అలా రాయడానికి వీలుంటుందో లేదో తనకు తెలియదన్నాడు. మల్లప్ప నోరు తెరిచాడు. జానమ్మ అతని వైపు చూసింది. నోరు మూసుకున్నాడు.

"ఆమె చెప్పినట్టే రాయి సారు," అన్నాడు గాలయ్య. "ఆమె పేరు ఆమెకెర్క."

అలా ఆ ఇంట్లో భార్య పేరు మొగుడూ, మొగుడి పేరు భార్యా పట్టుకున్నారు. ఓటు వేసే రోజున బడి ముందు వరుసలో నిలబడితే అధికారి గోపమ్మ పేరు, పక్కన భర్త పేరు చదివి, రెండుసార్లు తలెత్తి చూశాడు. ఆమె వేలు చాపి సిరా పెట్టించుకుని లోపలికి పోయింది. ఆ సాయంత్రం నుంచి మొగుడితో మామూలుగా మాట్లాడింది.

తరువాతి ఏళ్లలో వాళ్లకు ఒక కొడుకు, ఒక కూతురు. బడిలో వేసేటప్పుడు కొడుకును పిత్తుల అని, కూతురును ముత్యాల అని రాయించారు. కొడుకు రెండుమూడు సార్లు చొక్కా చింపుకుని వచ్చాడు. చింపినవాళ్లు కూడా చింపుకునే పోయారని తెలిసి గాలయ్య ఏమీ అనలేదు. పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు గాలయ్య ఎల్లస్వామి తమ్ముడి మీద వార్డు మెంబరుగా నిలబడ్డాడు. అవతలివాళ్లు అతని పేరును చప్పుడుతో సహా పలుకుతూ ఊరంతా తిరిగారు. ఎవరికి ఓటు వెయ్యకూడదో చెప్పబోయి పేరు మాత్రం అందరికీ కంఠస్థం చేయించారు. గాలయ్య గెలిచాడు. మల్లప్ప అప్పటికి మంచం పట్టాడు. గెలిచిన కబురు చెప్తే కళ్లు మూసుకునే విని, ఆ నెలలోనే పోయాడు. కొరివి పెట్టేటప్పుడు గుర్వయ్య వంశం చెప్తూ, పిత్తుల మల్లప్ప కొడుకు పిత్తుల గాలయ్య అన్నాడు. గాలయ్య ముందుకు నడిచి కుండ ఎత్తుకున్నాడు.

అరవై ఏడులో సాగర్ కాలువ నీళ్లు హాలియా దిక్కుకు వచ్చాయి. రాళ్లలో జొన్న కూడా సరిగా పండని గాలయ్య అన్నదమ్ముల చెలకలు రెండేళ్లలో వరిమళ్లయ్యాయి. పాళ్లు పంచుకుంటున్నారని విని గాలయ్య, గోపమ్మ వెళ్లారు. అక్కడి పట్వారీ కాగితాలు తిరగేసి, ఇల్లరికం పోయి ఇంటిపేరు మార్చుకున్నవాడికి ఇక్కడ పాలు రాదని, ముత్యాల గాలయ్య అన్న మనిషి ఈ భూమ్మీద లేడని చెప్పాడు. పెద్దన్నకు తమ్ముడికి ఇవ్వాలనే ఉంది, కాని పట్వారీ మాట కాదని ఇచ్చే ధైర్యం లేదు.

గాలయ్య లేచి తలపాగా కట్టుకున్నాడు. తనకు గుట్ట చాలన్నాడు. గోపమ్మ లేవలేదు. కొంగుముడి విప్పి, ఓటర్ల జాబితాలోంచి రాయించుకున్న చీటీ ఒకటి తీసి పట్వారీ ముందు పెట్టింది.

"ఆయన లేకుంటె లేకపాయె. ముత్యాల ఇంటి కోడల్ని నేనున్న. పదిహేడేండ్ల సంది గదే పేరు మీద ఉన్న. నా పేరు మీద రాయి."

పట్వారీ అలాంటి కాగితం ఎన్నడూ చూడలేదు. చట్టంలో ఏముందోనని కాసేపు మీమాంస పడ్డాడు. ఈలోగా పెద్దన్న పకపకా నవ్వి, రాసెయ్యి పట్వారీ, మా ఇంటి పేరును మావాడు పారేసుకుంటే ఆమె ఏరుకుంది అన్నాడు. కాలువ తూము పక్కన ఎకరం ముత్యాల గోపమ్మ పేరు మీద పడింది.

ఆమె కోతల కాలంలో బస్సెక్కి పోయి, ఆ ఎకరం గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చుని, కూలివాళ్లను ఆడుతూ పాడుతూ కోయించుకుని వచ్చేది. బస్తాలు తాటిగుట్టకు చేరేవి. గాలయ్యకు వరి అన్నం పడేది కాదు. రెండు పూటలు తింటే కాళ్లు తేలిపోతున్నాయని, గుట్ట ఎక్కలేకపోతున్నానని సణుగుతూ జొన్నగటక వండమనేవాడు. గోపమ్మ ఇద్దరికీ చెరో కుండ పెట్టేది.